వడ్డీ పెరిగాక లేచిన అంతస్తు

కొడుకు వేరు కాపురం పెడతాడంటే చాలామంది తల్లులకు బెంగ. జుల్మీరాకు మాత్రం తొందర.

కొంతాజెం ఊరి కొండవాలు మీద, మొగుడు బతికున్న రోజుల్లో కట్టుకున్న రెండు గదుల ఇల్లు ఆమెది. ఒక గదిలో ఆమె, రెండో గదిలో కొడుకు ఒజియెల్, కోడలు తాయినారా. ఒజియెల్ బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్. తాయినారా వాయిదాల మీద ఫ్రిజ్‌లూ సోఫాలూ అమ్మే షాపులో పనిచేస్తుంది. ఇద్దరూ మంచివాళ్లే. కానీ గోడలు పలచన. పైగా అరవై దాటిన జుల్మీరా బతుకులోకి ఈమధ్యే అనీజియో వచ్చాడు. ఆ సంగతి కొడుక్కి చెప్పడానికి ఆమెకు నోరు పెగలడం లేదు.

అనీజియో పరిచయమైంది కూడా కొడుకు కొనబోయే ఫ్లాటు దగ్గరే. హైవే పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్లు చూడటానికి ముగ్గురూ వెళ్లారు. అక్కడ పెద్దమేస్త్రీ అనీజియో జుల్మీరా తలకు హెల్మెట్ పెట్టి, గడ్డం కింద పట్టీ సర్ది, "బిగుతుగా లేదు కదా?" అని అడిగాడు. మొగుడు పోయాక తన సౌఖ్యం గురించి అంత మెల్లగా అడిగినవాడు లేడు. ఆ తర్వాత నుంచి శనివారం సాయంత్రాలు ప్రార్థన బృందానికని చెప్పి బయల్దేరి, మార్కెట్ వెనక హాలులో జంటలుగా ఆడే ఫొహో డాన్సుకు వెళ్తోంది. అక్కడ అనీజియో ఎదురుచూస్తూ ఉంటాడు.

"ఒరేయ్, మంచి ఫ్లాటురా. ఆలస్యం చెయ్యకు," అని కొడుకును పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోరేది.

"నన్ను తరిమేయాలని ఇంత ఆత్రమేంటమ్మా?" అని ఒజియెల్ నవ్వేవాడు.

లోను కాగితాలు బ్యాంకులో ఉండగానే టీవీలో వార్త వచ్చింది. ధరలు మండిపోతున్నాయి కాబట్టి కేంద్ర బ్యాంకు వడ్డీ మళ్లీ పెంచిందట. ఒజియెల్ స్పూను కింద పెట్టేశాడు.

"చిక్కుడు గింజలు ప్రియమయ్యాయని రాజధాని బ్రసీలియాలో కూర్చున్నవాళ్లు వడ్డీ పెంచితే, నీ ఫ్లాటుకేమైందిరా?" అంది జుల్మీరా.

"అప్పు చేసి కొనేవాళ్లు తగ్గితే ధరలు దిగొస్తాయని వాళ్ల ఆలోచనమ్మా."

"తగ్గాల్సినవాళ్లలో నువ్వొకడివా?"

"మొదటివాణ్ణి."

వారం తిరగకుండా బ్యాంకు ఆ మాటే ఖాయం చేసింది. కొత్త వడ్డీ ప్రకారం నెలవాయిదా మీ జీతాలకు మించిపోతుంది, లోను ఇవ్వలేం అంది. తాయినారా షాపులోనూ సందడి లేదు. "అమ్మాల్సిన సోఫాల మీద మేమే కూర్చుంటున్నాం అత్తయ్యా," అని వాపోయింది. ఫ్లాట్లు బుక్ చేసుకున్నవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. బిల్డరు పని ఆపేశాడు. ఆ శనివారం హాలులో అనీజియో పాట సగంలోనే ఆగిపోయి, "నా పని పోయింది జుల్మీరా," అన్నాడు.

కొడుకు కదలడు, ఈయనకు పని లేదు. ఎక్కడో పెద్దబల్ల చుట్టూ కూర్చున్న పెద్దమనుషులకు తన మీదే ఇంత పగ ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. రెండు రోజులు గిన్నెలు గట్టిగా చప్పుడయ్యేలా కడిగింది. మూడో రోజు డాబా మీద బట్టలారేస్తూ చుట్టూ చూసింది. వాలు కింద ఇళ్లన్నీ అలాగే పైకి పెరిగినవే. కింద తల్లి, పైన కొడుకు, వాళ్ల మీద మనవడు.

రాత్రి అన్నాల దగ్గర కదిపింది. "మన నెత్తి మీదే జాగా ఉంది కదరా. ఫ్లాటుకని దాచింది ఇటుకలకు పెట్టు. అప్పొద్దు, బ్యాంకొద్దు. మెట్లు కూడా బయటినుంచి వేయిద్దాం, ఎవరి దారి వాళ్లది."

"మేస్త్రీ దొరకొద్దూ?"

"ఆ ఆగిపోయిన సైటులో చూశాం కదా, ఆ పెద్దమేస్త్రీ ఖాళీగా ఉన్నాడట. పనిమంతుడట," అంది పొయ్యి వైపు చూస్తూ.

అలా అనీజియో రోజూ ఆ ఇంటికి రావడం మొదలైంది. పని నిక్కచ్చిగా చేసేవాడు. కానీ నత్తే నయం. ఒక వరస ఇటుకలు పెట్టి, నిలువు సరిగా ఉందో లేదో గుండుదారం వేలాడదీసి చూసి, కాఫీకి దిగేవాడు. కాఫీ అయ్యాక జున్నురొట్టె ఉండలు. అవయ్యాక ఇంకాస్త కాఫీ.

"ఈ వేగాన మనం పైకెళ్లేసరికి ముసలాళ్లమైపోతాం," అని ఒజియెల్ గొణిగేవాడు. "తొందరపడి కట్టిన గోడ బీటలిస్తుందిరా," అని తల్లి అడ్డుపడేది.

ఒక రోజు తాయినారా వంటగదిలోకి వచ్చి అత్తగారి పక్కన నిలబడింది. "మేస్త్రీగారికి చక్కెర ఎంతో అడక్కుండానే వేశారే అత్తయ్యా."

జుల్మీరా చేతిలో చెంచా ఆగింది.

"నేనేం అనలేదు. ఆయన మనిషి బావున్నాడు, మీ మొహంలోనూ కళ వచ్చింది. మీ అబ్బాయికి మీరే చెప్పుకోండి," అని ఒక ఉండ తీసుకుని వెళ్లిపోయింది.

చెప్పే అవకాశం రాకుండానే స్లాబ్ పోసే రోజు వచ్చింది. ఆదివారం తెల్లవారేసరికి వీధి వీధంతా సాయానికి దిగింది. ఒకరు ఇసుక, ఒకరు సిమెంటు, మెట్ల పొడవునా నిలబడి బకెట్లు చేతుల మీదుగా పైకి. పెద్ద డేగిసాలో నల్ల చిక్కుడు గింజలూ పంది మాంసమూ ఉడుకుతున్నాయి. అనీజియో ఆ రోజు మాత్రం నత్తలా లేడు. పైన నిలబడి పేరుపేరునా కేకేసి పని చేయించాడు. మధ్యాహ్నానికి పైకప్పు అద్దంలా నున్నగా సిద్ధమైంది.

తిన్నాక వీధిలో ఎవరో అకార్డియన్ పాట పెట్టారు. అనీజియో చేతులు కడుక్కుని వచ్చి, అలవాటు చొప్పున జుల్మీరా ముందు చెయ్యి చాచాడు. ఆమె కూడా అలవాటు చొప్పునే అందుకుంది. నాలుగు అడుగులు వేశాక గానీ తాము ఎక్కడున్నదీ ఇద్దరికీ గుర్తు రాలేదు. అప్పటికి ఆలస్యమైంది. ఒకరి మోకాలు కదలకముందే రెండోవారి మోకాలికి తెలుస్తోంది. అలాంటి జోడీ ఒక్కరోజులో కుదరదని వీధిలో అందరికీ తెలుసు. ఒజియెల్‌కూ తెలుసు.

పాట ఆగాక అతను తల్లి దగ్గరికి వచ్చాడు. "ప్రార్థన బృందంలో ఇదా నేర్పేది?"

"దేవుడికి కోపం రాలేదురా. నీకొచ్చిందా?" అంది ఆమె.

అతను పళ్లెం తీసుకుని పక్కకు పోయాడు.

స్లాబ్‌కు వారం పాటు నీళ్లు పట్టాలి. డిపోకు వెళ్లేముందు ఒజియెల్, అతని వెనకే అనీజియో పైపు పట్టుకుని పైకి ఎక్కేవారు. నాలుగో రోజు ఒజియెల్, పైపు మడత విప్పుతూ, అటు తిరిగే మాట్లాడాడు.

"మా అమ్మతో పొద్దున కాఫీ తాగకముందు ఏ విషయమూ ఎత్తకండి. కరుస్తుంది."

"తెలుసు," అన్నాడు అనీజియో. తర్వాత నాలిక కరుచుకుని, "అంటే, విన్నాను," అని సర్దుకున్నాడు.

ఒజియెల్ ఆపుకోలేక నవ్వేశాడు. కింద వంటగదిలో ఆ నవ్వు విని జుల్మీరా కుర్చీలో కూలబడి ఏప్రన్‌తో కళ్లు తుడుచుకుంది.

ఆ పైసంవత్సరం వడ్డీ కొంచెం కొంచెంగా దిగింది. హైవే పక్కన క్రేను మళ్లీ తిరిగింది. అనీజియోను పనిలోకి పిలిచారు. తాయినారా షాపులో జనం కనబడసాగారు. బ్యాంకు నుంచి ఒజియెల్‌కు ఫోను కూడా వచ్చింది, లోను ఇప్పుడు ఇవ్వగలమని. మొగుడూ పెళ్లాలు వెళ్లి ఆ ఫ్లాటు మరోసారి చూసి వచ్చారు. ధర పెరిగింది. కిటికీ తెరిస్తే ఎదురుగా ఇంకో గోడ.

"ఇప్పటికి వద్దులెండి," అని తాయినారానే బ్యాంకుకు చెప్పేసింది.

అనీజియో ఒక పెట్టెతో, రెండు పూలకుండీలతో కింది ఇంట్లోకి వచ్చిన వారమే, తాయినారా తన షాపులోనే పై ఇంటికి సోఫా కొంది. అది మెట్ల మలుపులో ఇరుక్కుంది. అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి తాళ్లు కట్టి పిట్టగోడ మీదుగా లాగారు. పైన ఒజియెల్, అనీజియో, కింద వీధి మొత్తం సలహాలు ఇస్తూ. సోఫా గాలిలో ఒక్కసారి గిర్రున తిరిగింది గానీ, ఎక్కడా గీత పడకుండా పై ఇంటి ముందున్న డాబా మీద దిగింది.

లోపలికి చేర్చే ఓపిక ఎవరికీ లేదు. నలుగురూ అక్కడే, ఆరుబయటే, ఇరుక్కుని కూర్చున్నారు. వాలు పొడవునా ఇళ్లలో దీపాలు వెలుగుతున్నాయి.

"కాస్త జరగవే తాయినారా," అంది జుల్మీరా. ఆమె జరిగింది.