చేపనీళ్ళ మీద నింద

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన చిన్న లారీ ఒకదాన్ని ఆత్మకూరు వ్యాపారి నారాయణయ్య కొన్నాడు. వారానికి రెండుసార్లు అది ఉదయగిరి వెళ్ళేది. తొట్టిలో కేబిన్ వైపు ఇసకపల్లి నుంచి తెచ్చిన ఉప్పు బస్తాలు, వెనక కొసన చెరువు పక్క పల్లె ఆడవాళ్ళు, వాళ్ళ చేపల తట్టలు. వాళ్ళలో పెద్దది మాలకొండమ్మ. మొగుడు వల వేసి పట్టిన చేపల్ని ఆమె ఉదయగిరి సంతలో అమ్మేది.

1953 ఎండాకాలంలో ఒకరోజు పొద్దున్నే ఆడవాళ్ళు తట్టలెత్తుకుని వస్తే లారీ లేదు. నారాయణయ్య అంగడి ముందు నిలబడి ఉన్నాడు. పక్కన డ్రైవర్ హుసేనయ్య.

“ఇంక మీ తట్టలు నా బండి ఎక్కేదానికి లేదు. మీ నీచునీళ్ళు కారి కారి అడుగంతా తుప్పు తినేసింది. నిన్న ఇసకపల్లి దోవలో బండి అడుగు అడ్డకమ్మి విరిగింది. ఇంకాస్తలో మనుషులు పోయేవాళ్ళు,” అన్నాడు, బస్సు కోసం నిలబడిన వాళ్ళందరికీ వినపడేలా.

హుసేనయ్య నేల చూస్తూ ఉండిపోయాడు.

ఆ ఎండలో చేపలు ఎంతసేపు నిలుస్తాయి? వచ్చినంతకు వీధుల్లో కొన్ని అమ్మి, మధ్యాహ్నానికి మిగతావి గుంట తీసి పూడ్చారు. చేపలు పోయినందుకు మాలకొండమ్మ అంత బాధపడలేదు. కాఫీ అంగడి దగ్గర ఎవడో “బండిని తిన్న చేపలు ఇవేనా?” అని నవ్వాడు. ఆ మాటే ఆమెకు తగిలింది. తట్ట ఇంట్లో పడేసి నేరుగా మెకానిక్ పిచ్చయ్య షెడ్డుకు నడిచింది.

లారీని దుంగల మీదికి ఎత్తి పెట్టారు. పిచ్చయ్య కింద దూరి తీగల బ్రష్షుతో గీకుతున్నాడు. హుసేనయ్య కిరసనాయిలు డబ్బా పట్టుకుని కూర్చున్నాడు.

“మా చేపలు యాడ తిన్నాయో చూపించు పిచ్చయ్యా.”

“నాకేం తెలుసు అక్కా. ఆయన అట్ట చెప్పినాడు, నేను విన్నాను.”

“మెకానిక్కు నువ్వా, ఆయనా?”

ఆమె కొంగు నడుముకు చుట్టి, సుత్తి తీసుకుని, తనూ బండి కిందికి దూరింది. తట్టలు పెట్టే చోటు కింద కొట్టింది. ఇనుము ఖంగుమంది. పైన సన్నగా ఎర్రటి పొర, అంతే. ముందుకు జరిగి బస్తాలు పెట్టే చోటు కింద కొట్టింది. చప్పుడు రాలేదు. ఇనుము ఉల్లిపొరల్లా విడివడి అరచేతంత పెచ్చు ఊడి ఆమె భుజం మీద పడింది. దాని లోపలి వైపు తెల్లగా ఏదో పేరుకుని ఉంది. నాలుక మీద పెట్టుకుని చూసింది.

“ఉప్పు. మా చెరువు నీళ్ళు ఉప్పగా ఉంటాయా? నువ్వూ నాకి చూడు.”

పిచ్చయ్య నాకాడు. “ఉప్పే,” అన్నాడు. “చేపనీళ్ళకూ తుప్పు పడుతుంది గానీ పైపైన. ఇట్ట తినదు.”

హుసేనయ్య అప్పుడు నోరు విప్పాడు. “రెండేళ్ళుగా చెప్తానే ఉండాను అక్కా. బస్తాలు దించకుండా రెండేసి రోజులు బండిలోనే పెడతాడు. మంచుకు ఉప్పు చెమ్మగిల్లి కిందికి కారుతుంది. కడుగుదామంటే, నీళ్ళు పోస్తే తుప్పు పడుతుంది, వద్దంటాడు.”

“పొద్దున ఆయన పక్కనే ఉంటివే. అప్పుడేమయింది ఈ నోరు?”

అతను డబ్బా కింద పెట్టి, లేచి బండి అవతలికి పోయాడు.

సాయంత్రం ఆ పెచ్చు తీసుకెళ్ళి ఆమె నారాయణయ్య అంగట్లో త్రాసు పక్కన పెట్టింది. “నాకి చూడండి అయ్యా.”

ఆయన ముట్టుకోలేదు. పిచ్చయ్య ముందే వచ్చి చెప్పినట్టున్నాడు. “సరేలే. బండి బాగయినాక ఎక్కండి,” అన్నాడు.

“నలుగురిలో అన్నారు. నలుగురిలోనే కాదని చెప్పండి. అప్పుడు ఎక్కుతాం.”

“చేపలమ్ముకునే ఆడదానికి నేను సంజాయిషీ చెప్పాల్నా?”

మాలకొండమ్మ పెచ్చు అక్కడే వదిలి వచ్చేసింది.

పిచ్చయ్య తుప్పంతా గీకి, పోయిన కమ్మి తీసి కొత్తది బిగించి, ఎర్రరంగు కొట్టి, ఆరాక తారు పూశాడు. ఉప్పు దించిన ప్రతిసారీ మంచినీళ్ళతో అడుగు కడిగి, ఆరబెట్టి, వాడేసిన ఇంజను ఆయిలు పట్టించకపోతే ఈ పని మళ్ళీ తన చేత కాదని తేల్చి చెప్పాడు. నారాయణయ్య ఒప్పుకున్నాడు. తొట్టిలో టార్పాలిన్ పరిచాకే బస్తాలు వేయించాడు. అన్నీ చేశాడు, ఆ ఒక్క మాట తప్ప.

ఆడవాళ్ళు ఎద్దుబండి మాట్లాడుకుని వింజమూరు దాకా వెళ్ళి అమ్ముకున్నారు. దారి బాధ, బేరం తక్కువ. మళ్ళీ లారీ ఎక్కుదామని ఒకరిద్దరు సణిగారు. “మీరు పోండి, నేను పోను,” అంది మాలకొండమ్మ. ఎవరూ పోలేదు.

ఏడో వారం ఉదయగిరి సంత దగ్గర జనం చేపలేవని లారీని ఆపి అడిగారు. ఆ రోజు బండిలో వచ్చిన నారాయణయ్య ఏదో అనబోతుంటే హుసేనయ్య స్టీరింగు దగ్గర నుంచి దిగాడు.

“వాళ్ళ చేపలు బండిని తినలేదు. ఉప్పు తినింది. నేను ఆ పొద్దు చెప్పాల్సిన మాట ఇది,” అన్నాడు సంతంతా వినేట్టు. నారాయణయ్య మొహం ఎర్రబడింది గానీ కాదనలేకపోయాడు. డ్రైవర్‌ని తీసేయనూ లేదు; ఉదయగిరి దోవలో కొండ ఘాటురోడ్డు మీద బండి ఎక్కించగలిగే మనిషి ఇంకొకడు దొరకడు.

ఈ సంగతి విని ఆడవాళ్ళు మళ్ళీ లారీ ఎక్కారు. నింద నలుగురిలోనే పోయింది గనక మాలకొండమ్మ కూడా ఎక్కింది. నారాయణయ్య మాత్రం ఆమెకు ఎన్నడూ ఏమీ చెప్పలేదు. ఆమె ఆయన్ని ఎన్నడూ క్షమించలేదు.