ఒంటికి పట్టిన సెలైన్

నేను ఒక బీపీ పట్టీని. బూడిదరంగు గుడ్డ, లోపల రబ్బరు తిత్తి, చివర గాలి కొట్టే బుడ్డి, అంకె చూపే ముల్లు, ఇంతే నా ఒళ్ళు. మిరప తోటల మధ్య ఉన్న ఈ చిన్న సర్కారు ఆసుపత్రిలో తొమ్మిదేళ్ళు అందరి చేతులూ పట్టుకున్నాను. మనుషులు భలేవాళ్ళండీ! నేను బిగిస్తే ఊపిరి బిగబడతారు, అంకె ఎక్కువ వస్తే "నిన్న కూరలో ఉప్పెక్కువైంది లెండి" అంటారు.

తర్వాత నా ముల్లు మొరాయించింది. ఎవరికి కట్టినా నూట అరవై! డాక్టరుగారు పారేయమన్నారు. నర్సు సామ్రాజ్యం ఒప్పుకోలేదు. "లెక్క తప్పింది గానీ పట్టు తప్పలేదుగా సార్" అని నన్ను సొరుగులో దాచింది. అప్పట్నుంచీ నాకు వేరే ఉద్యోగం. ఎవరికైనా సెలైన్ గబగబా ఎక్కించాల్సి వస్తే, సంచిలో గాలి తీసేసి, దాని నడుముకు నన్ను చుట్టి, బుడ్డి నొక్కేది. నేను ఉబ్బితే సంచి నలిగి, బొట్లు ధారకట్టేవి.

ఇప్పుడు ఆ పనికీ కొత్త సరుకొచ్చింది. నేను తుక్కు సామాను అట్టపెట్టెలో పడి ఉన్నాను. పడి ఉంటే ఏం, ఒక మధ్యాహ్నం మాత్రం నాకు బాగా గుర్తు.

మిరప కోతల రోజులు. కోత కూలీ దీనమ్మ తన కోడలు రాహేలును ఆటోలో తెచ్చింది. తెల్లారినప్పట్నుంచీ వాంతులు, విరేచనాలు. కళ్ళు లోతుకు పోయాయి, చేతులు చల్లబడ్డాయి, నాడి అందడం లేదు. క్యాంపుకు వెళ్ళిన డాక్టరుగారు ఫోన్లో "ఆలస్యం చేస్తే దక్కదు, ఎంత జోరుగా పోతే అంత జోరుగా ఎక్కించు" అన్నారు. సామ్రాజ్యం సూది గుచ్చి, నన్ను సంచికి చుట్టి, గొట్టం మీది చక్రం పూర్తిగా తెరిచి, రెండో సంచి కోసం స్టోర్ గదిలోకి పరిగెత్తింది.

దీనమ్మ ఆ ధార చూసి హడలిపోయింది. ఆటో దిగినప్పట్నుంచీ కోడలి చెప్పులు చంకలోనే ఉన్నాయి, కింద పెట్టాలని కూడా తోచలేదు పాపం. అటూ ఇటూ చూసి చక్రాన్ని కిందికి తిప్పేసింది. ధార ఆగి, ఎప్పుడో ఒక బొట్టు. నాకు నోరుంటే ఆసుపత్రి ఎగిరిపోయేలా కేకేసేదాన్ని!

సామ్రాజ్యం తిరిగొచ్చి బుడ్డి నొక్కింది. సంచి నలగలేదు. ఇంకా నొక్కింది. "ఇవాళే చావాలా నువ్వు, దరిద్రపు పట్టీ!" అని నన్ను విప్పబోయింది. నిజంగా ఏడుపొచ్చింది నాకు. ఇంతలో ఆమె వేలికి చక్రం తగిలింది.

"ఎవరు తిప్పారిది?"

"నేనేనమ్మా," అంది దీనమ్మ. "జోరుగా పోతే చలి పుట్టుద్ది. మెల్లంగా ఎక్కితేనే ఒంటికి పట్టుద్దని..."

"ఒంట్లో నీళ్ళన్నీ బయటికి పోయినయ్! ఇప్పుడు మెల్లంగా అంటే పిల్ల దక్కదు!"

"అయ్యో నా తల్లీ, నా చేత్తోనే..." అని దీనమ్మ నుదురు కొట్టుకుంది.

సామ్రాజ్యం చక్రం తెరిచి, బుడ్డి ఆమె చేతిలోనే పెట్టింది. "పట్టీ మెత్తబడ్డప్పుడల్లా నొక్కమంటా, నొక్కు. రెండో చేతికీ సూది పెడతా."

మిరపకాయల మంటకు ఎర్రబడ్డ చెయ్యి అది. నొక్కినప్పుడల్లా "ప్రభువా" అనుకుంది. నేనూ ఏమీ మిగుల్చుకోకుండా బిగిశాను.

రెండో సంచి సగమయ్యాక రాహేలు పెదవులు కదిలాయి. "అత్తా... చలేస్తంది."

"నే చెప్పలా!" అని దీనమ్మ సిస్టర్ మీద గుడ్లురిమింది. సామ్రాజ్యం నవ్వుతూనే దుప్పటి కప్పి, నాడి పట్టుకు కూర్చుంది. ఈసారి అందింది.

ఇంకాసేపటికి రాహేలు సిగ్గుపడుతూ, "అత్తా, ఒంటికొస్తంది," అంది.

పొద్దుట్నుంచీ ఒక్క చుక్క మూత్రం రాలేదు మరి! సామ్రాజ్యం చప్పట్లు కొట్టినంత పని చేసింది. "ఇదిగో దీనమ్మా, ఇప్పుడు పట్టింది ఒంటికి!"

దీనమ్మ బుడ్డి వదిలి, చంకలోని చెప్పులు తీసి, కోడలి కాళ్ళు దిగే చోట జతగా పెట్టింది.