చెల్లెలి గ్రాఫు

సముద్రంలో మునిగి తేలే పరికరాలు పంపే వెలుతురు కొలతలను తనిఖీ చేయడం అక్క ఉద్యోగం. లోతుకు పోయేకొద్దీ వెలుతురు తగ్గాలి. గ్రాఫులో గీత జారుడుబల్లలా దిగాలి. మబ్బు అడ్డొస్తే చిన్న నొక్కు పడుతుంది, అది మామూలే. అడుగున చీకట్లో కూడా అంకెలు కనబడితే మాత్రం సాధారణంగా సెన్సర్ చెడినట్టే. 'పనికిరాదు' అని గుర్తు పెట్టేస్తే ఇక ఆ కొలత మొహం ఎవరూ చూడరు.

ఆ పరికరాలను ఓడలో వెళ్లి నీళ్లలోకి దించేది చెల్లెలు. ఇంటికి ఎవరొచ్చినా అమ్మ, "మా చిన్నది సముద్రాలు తిరుగుతుంది" అని ఊదరగొట్టేది. పెద్దదాని సంగతి అడిగితే, "అదా, కంప్యూటర్ ముందు కూర్చుంటుంది" అని కాఫీ పెట్టడానికి లేచేది. అక్కకు ఒళ్లు మండేది. చెల్లెలికి ఈ ఉద్యోగం చూపించింది తనే. ఇంటర్వ్యూకి తన కొత్త చెప్పులిచ్చి పంపిందీ తనే.

ఒకరోజు చెల్లెలు దించిన పరికరం నుంచి వింత గ్రాఫు వచ్చింది. కటిక చీకటి ఉండాల్సిన లోతులో గీత పైకి లేచింది. అక్క పరీక్షగా చూసింది. పరికరం ఒక్కో రంగు వెలుతురుకు ఒక్కో గీత గీస్తుంది, సెన్సర్ చెడితే అన్ని గీతలూ కదలాలి. ఇక్కడ నీలం ఒక్కటే లేచింది. అంటే కింద ఏవో జీవులు నీలంగా మెరుస్తున్నాయి. అక్క 'ఇది బయటికొస్తే ఇక చిన్నదాన్ని పట్టలేం' అనుకుంది. అనుకుని, 'పనికిరాదు' అని పెట్టేసింది.

మర్నాడు చెల్లెలు వచ్చింది. గొడవకు వస్తే అనాల్సిన మాటలన్నీ అక్క సిద్ధం చేసుకునే ఉంది.

"అక్కా, నా గ్రాఫు కొట్టేశావట?"

"ఆఁ. సెన్సర్ పోయింది."

"పోనీలే. మా అక్క కొట్టేసిందంటే ఇక తిరుగులేదని పెద్దసారుకి చెప్పేశా. ఈసారి వెళ్లినప్పుడు దాన్ని బయటికి లాగేస్తాం."

అక్క "ఉండవే, కూర్చో" అని గ్రాఫు తెరిచి నీలం గీత చూపించింది. "సెన్సర్ బానే ఉంది. కింద నిజంగానే వెలుతురుంది."

"మరి పనికిరాదని ఎందుకు పెట్టావు?"

"నీదని."

చెల్లెలు లేచి వెళ్లిపోయింది. అక్క గుర్తు మార్చింది. మీటింగులో అందరూ చెల్లెలికి చప్పట్లు కొట్టారు. అక్కా కొట్టింది, అరచేతులు చురుక్కుమనేలా. చెల్లెలు ఇటువైపు చూడనైనా లేదు.

చాలా రోజులకు బల్ల దగ్గరికొచ్చి, ముభావంగా అంది: "ఈసారి ఓడలో తనిఖీ చేసేవాళ్లు ఒకరు కావాలట. నీ పేరిచ్చా. వస్తే రా, లేకపోతే నీ ఇష్టం."

'నా ఓడ ప్రయాణం కూడా దీని చేతుల మీదుగానే రావాలా!' అని అక్క కడుపు మళ్లీ రగిలింది. అలా రగులుతూనే సాయంత్రం బజారుకెళ్లి, వాంతులు ఆపే మాత్రలు కొనుక్కుంది.