చౌడప్ప తోటలో నేను పోసిన నీళ్లు

నేను ఒక చుట్ట పైపుని. నీళ్లు లేనప్పుడు పాత గుడ్డలా చదునుగా పడి ఉంటాను. నీళ్లు రాగానే పెద్దమనిషిలా ఉబ్బి బిర్రబిగుస్తాను. ఒక చివర పోసింది ఇంకో చివర వదలడమే నా చదువు, నా ఉద్యోగం. అంత చిన్న పనిలో కూడా ఒక అబద్ధానికి ఒడిగట్టాను. ఇప్పుడు కంపెనీ సామాన్ల కొట్లో ఓ మూల పడి ఉన్నా, అది తలచుకుంటే ఒళ్లు ముడుచుకుపోతుంది.

ఫ్యాక్టరీలో దారం అల్లి, దాని మీద రబ్బరు పూసి నన్ను తయారు చేశారు. మొదట నన్ను కొన్నది ఒక నీళ్ల ట్యాంకరు ఓనరు. వానాకాలంలో జనం నన్ను తొక్కుకుంటూ పోయేవాళ్లు. ఎండాకాలంలో అదే జనం బిందెలు పట్టుకుని నా మూతి కోసం జుట్లు పట్టుకునేవాళ్లు. ఏడాదికి ఆ మూడు నెలలే నాకు మర్యాద. ఓనరు బండి అమ్ముకున్నాక, భూమిలో రాగి ఉందేమోనని వెతికే కంపెనీ ఒకటి నన్నూ, నాలాంటి మరో నాలుగు చుట్టల్నీ కొన్నది. ఒక్కొక్కరం వంద మీటర్లు.

అలా మే నెలలో గుండ్లవంక అనే ఊరు చేరాను. పైన జానెడు ఎర్రమన్ను, కింద నాపరాయి, దాని నిండా పగుళ్లు. కంపెనీ వేసిన బోరుకు కూతవేటు దూరంలో చౌడప్ప చీనీ తోట, అదే బత్తాయి తోట. రెండు వందల చెట్లు, వాటికి ఒకే ఒక బావి. గని తవ్వాలంటే కిందున్న నీళ్లు తోడెయ్యాలి. తోడితే చుట్టుపక్కల బావులు ఏమవుతాయో ముందే తెలుసుకోవాలి. అందుకని మూడు రోజులు ఆపకుండా బోరు తోడి, చౌడప్ప బావిలో నీళ్లు ఎంత దిగాయో గంటగంటకూ టేపు వేసి చూడమన్నారు. తోడిన నీళ్లను మాత్రం అర కిలోమీటరు అవతలున్న వంకలో, అంటే ఎండిన ఇసక వాగులో, వదలాలి. దగ్గర్లో వదిలితే పగుళ్లలోంచి మళ్లీ బావిలోకే దిగుతాయి, కొలత చెడుతుంది. ఐదు చుట్టలం కావలసి వచ్చింది అందుకే. మూడో రోజు కంపెనీ సారు వచ్చి లెక్క చూసుకుంటాడు.

అందాకా ఆ పని చూసేవాడు జిలానీ. మంచివాడు. ఈ కథలో చెడ్డవాడంటూ ఒకడుంటే నాకింత సిగ్గుండేది కాదు.

మొదటి రోజు మమ్మల్ని ఒకరికొకర్ని తగిలించి వంక దాకా పరిచాడు. నీళ్లు చీనీ చెట్ల పక్కనుంచే పోతున్నాయి. చౌడప్ప గట్టు మీద కూర్చుని గంటసేపు చూసి, లేచి వచ్చాడు.

"జిలానీ, నా చెట్లు పిందె రాలుస్తాండాయి. నువ్వేమో నీళ్లు తీసకపోయి ఇసకలో పోస్తాండావు."

"రూలు అట్ల ఉండాది చౌడప్పన్నా."

"రూలుకు దప్పికయితాదా?"

జిలానీకి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే మెత్తబడిపోయాడు.

"సారు వచ్చేది మూడోనాడు గదా," అన్నాడు చౌడప్ప. "ఈ రెన్నాళ్లు నా పాదుల్లో ఇడువు. సారు వచ్చే ముందర మళ్లా వంకకు తిప్పుకో. ఎవురికి నొప్పి?"

జిలానీ తక్కిన నలుగురినీ విప్పి పక్కన పెట్టి, నన్నొక్కణ్ణే తోటలోకి తిప్పాడు. పాదులు ఒక్కొక్కటే నిండుతుంటే, దానం నాదేనన్నట్టు మురిసిపోయాను. రెండు రోజులు పోశాను. చెట్లు తాగినంత తాగాయి, మిగిలింది పగుళ్లు మింగాయి, పగుళ్లు తీసుకుపోయి బావికిచ్చాయి. టేపు వేస్తే పొద్దున ఎంతో సాయంత్రమూ అంతే.

"గట్టి బావేన్నా నీది."

"మా తాత తవ్విచ్చింది. దానికి ఎండేది తెలీదు," అని చౌడప్ప మీసం దువ్వాడు.

మూడో రోజు సారు వచ్చేసరికి మేమైదుగురం వంక దాకా బుద్ధిగా పరుచుకుని ఉన్నాం. ఆ కాసేపట్లో బావి జానెడు దిగింది.

నెల తిరక్కుండా బడి ఆవరణలో ఊరి మీటింగు పెట్టారు. నేను పక్కనే జీపు మీద కట్టేసి ఉన్నాను. సారు కాగితం చదివాడు. తవ్విన గుంతలు పూడుస్తాం, తీసిపెట్టిన ఎర్రమన్ను మళ్లీ పైనే కప్పుతాం, పై మురికి కింది నీళ్లలో కలవకుండా బోర్లకు సిమెంటు పోసి మూస్తాం అన్నాడు. అవన్నీ జిలానీ చేస్తుంటే నా కళ్లారా చూశాను. తర్వాత కాగితం తిప్పి, "మూడు రోజులు తోడినా చౌడప్ప బావిలో తగ్గింది జానెడు. గని వచ్చినా మీ బావులకు భయం లేదు," అన్నాడు.

"మీ తాతకు దండెయ్యాల చౌడప్పా," అని ఎవరో అంటే అందరూ నవ్వారు. చౌడప్ప లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

"సార్, ఆ లెక్క తప్పు. రెన్నాళ్లు నీళ్లు నా తోటలోనే ఇడిపిచ్చుకున్నా. ఆ జీపు మీదుండే పైపుతోనే."

జిలానీ తల వంచుకున్నాడు.

"అప్పుడెందుకు చెప్పలేదయ్యా?"

"చెప్తే నీళ్లు నిలిపేస్తారు గదా సార్."

"ఊరి బావులన్నీ ఒక్కడే తాగినాడు," అంది వెనకనుంచి ఒక ముసలి గొంతు. ఆ మాట అతనికెంత తగిలిందో నాకూ అంతే తగిలింది.

వానలింకా రాలేదు. మరుసటి వారమే మళ్లీ తోడారు. ఈసారి సారు కుర్చీ వేసుకుని బోరు దగ్గరే కూర్చున్నాడు. నీళ్లు మోస్తూ చెట్ల పక్కనుంచి పోతుంటే, రాలిన పిందెలు నా వీపు మీద పడ్డాయి. మూడో రోజు ఒక తుమ్మముల్లు నాలో దిగి, సన్నటి ధార ఒక చెట్టు మొదట్లో పడసాగింది. జిలానీ చూసి మొహం తిప్పుకున్నాడు. చౌడప్పే వచ్చి, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి నాకు బిగించి కట్టాడు. అయినా కారుతుంటే కింద బకెట్టు పెట్టాడు. నిండిన బకెట్టు మోసుకుంటూ వంక వైపు నడిచాడు.

"ఆ ఒక్క బకెట్టన్నా చెట్టుకు పొయ్యయ్యా," అంది అతని భార్య సుంకులమ్మ.

"వద్దులేమ్మే, లెక్క తప్పుతాది."

ఒక్క బకెట్టుతో ఏ లెక్కా తప్పదని జిలానీకి తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట అతనికి చెప్పే మొహం మా ఇద్దరికీ లేదు.

అతను తిరిగొచ్చేసరికి జిలానీ బావిలోంచి టేపు లాగుతున్నాడు.

"ఎంత?" అన్నాడు చౌడప్ప.

"నాలుగు మీటర్లు దిగిందన్నా. అడుగు కనపడ్తాంది."

చౌడప్ప బావిలోకి తొంగి చూడలేదు. "రాసుకో," అని, ఖాళీ బకెట్టు మళ్లీ నా కింద పెట్టాడు.