అరువు వీరుడి నడక

ఒనొదెరా తమొత్సు కంప్యూటర్ తెర మీది ఎలుగుబంటి బొమ్మకు ఎడమకాలు ఎత్తించి, చుక్క చుక్కా చెరిపి మళ్ళీ పెట్టాడు. నడక కుదరలేదు. మెడ మీద నొప్పి పట్టీ సర్దుకుని కళ్ళు నులుముకున్నాడు. నకానో పేటలో ఒక సందులో, నూడుల్స్ కొట్టు పైన ఉన్న చిన్న గేముల కంపెనీ అది. బొమ్మలకు నడక నేర్పడం అతని పని. ఈ ఎలుగు మాత్రం పెద్ద కంపెనీ తన ఆటలోంచి అరువిచ్చిన వీరుడు.

మొదట్లో ఈ చిన్న కంపెనీ చేసిన గుహ ఆటకు సొంత మనిషే ఉండేది, లాంతరు పట్టిన మంత్రసాని. అడుగుపెట్టిన ప్రతిసారీ గుహ దారులు మారిపోతాయి. చచ్చామా, సంపాదించిందంతా పోయి మళ్ళీ మొదటికే. ఆ మంత్రసాని ఆటను ఎవరూ కొనలేదు. తర్వాత ఎవరి ఆటలోంచో పిల్లి సమురాయిని అడిగి తెచ్చి అదే గుహలో దింపితే జనం ఎగబడ్డారు. ఆపైన మరమనిషి వచ్చాడు, పాటలు పాడే అమ్మాయిలు వచ్చారు. వీరులు మారారుగాని గుహ మారలేదు. దారులు తమంతట తామే అల్లుకునే ఆ కిటుకు కయనుమ రిత్సుకోది. తమొత్సు పక్క బల్ల ఆమెదే. ఇవాళ ఉద్యోగంలో ఆమెకు ఆఖరి రోజు.

"ఎలుగు కుంటుతోందేం?" అంది ఆమె, అన్నం ముద్ద కొరుకుతూ.

"లావు కదండీ, కయనుమ గారూ."

"దానికి మన మంత్రసాని నడక తొడుగు. నొప్పులు పడేవాళ్ళింటికి పరిగెత్తిన కాళ్ళవి, ఎంత బరువైనా మోస్తాయి."

తొడిగాడు. ఎలుగు హాయిగా నడిచింది.

మధ్యాహ్నం పెద్ద కంపెనీవాళ్ళు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన ఎలుగును గుహలో తిప్పి, చచ్చి, పగలబడి నవ్వాడు.

"కుర్రతనం నుంచీ ఈ గుహలో చస్తూనే ఉన్నానండీ! ఎవరు కట్టారు దీన్ని? మీరేనా?" అని తమొత్సు వైపు తిరిగాడు.

తమొత్సు నోరు తెరిచేలోగా ఈ చిన్న కంపెనీ డైరెక్టరు అందుకున్నాడు. "అవునండీ, మా ఒనొదెరానే." కట్టిన మనిషి వెళ్ళిపోతోందని తెలిస్తే ఈ ఆట రెండో భాగం చేసే పని తమ చేతికి రాదని ఆయన భయం.

తమొత్సు నడుం వంచి నమస్కరించాడు. పక్కనే కయనుమ టీ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. వంచిన తల ఎత్తబుద్ధి కాలేదు. చెవులు మండిపోయాయి.

వాళ్ళు వెళ్ళాక ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. "నేను చెప్పి ఉండాల్సిందండీ."

"చెప్పాల్సిందే," అంది ఆమె, తడిగుడ్డతో బల్ల తుడుస్తూ. గొంతులో కోపం లేదు. అదే అతన్ని కోసింది.

"రేపు వాళ్ళకు ఫోన్ చేసి చెబుతాను."

"రేపు నేనుండను కదయ్యా. నా ఎదుట చెప్పాల్సిన మాట అది."

తమొత్సు డైరెక్టరు గదిలోకి వెళ్ళి, వాళ్ళకు నిజం చెప్పండని అడిగాడు. ఒప్పందం మీద సంతకాలయ్యాక చూద్దాం అన్నాడు డైరెక్టరు. తమొత్సు వచ్చి తన కుర్చీలో కూలబడ్డాడు.

సాయంత్రం అందరూ లేచి చప్పట్లు కొట్టారు. కయనుమ అందరికీ వంగి దండం పెట్టి, గొడుగు తీసుకుని, వానలోకి దిగిపోయింది. తమొత్సు చేతులు కూడా చప్పట్లు కొట్టాయి. కళ్ళు మాత్రం నేల మీదే ఉన్నాయి.

తల ఎత్తేసరికి, ఆమె కుర్చీ వీపు మీద, చలికి ఒళ్ళో కప్పుకునే నీలం ఉన్ని శాలువా, మోకాళ్ళ చోట వెలిసిపోయి, వేలాడుతోంది.