ఒక్కసారి కడిగిన డ్రమ్ము

నేను ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్మును. రెండు వందల లీటర్లు పడతాను. నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఏదో ఫ్యాక్టరీలో అచ్చులో బిగించి, వేడి గాలి ఊది, నాలాంటివాళ్లను రోజుకు వందల్లో తీస్తారు. పుట్టీ పుట్టగానే నా కడుపులో కలుపు మందు పోసి, పొట్ట మీద కపాలం బొమ్మ ఉన్న కాగితం అతికించారు. నా జాతకం అక్కడే రాసేశారు.

ఆ మందు సంగతి మీకు చెప్పి తీరాలి. అది చెరకునూ వరినీ ఏమీ చేయదు. వెడల్పాకు మొక్క కనబడితే మాత్రం వదలదు. ఆకులు ముడుచుకుని, కాడలు మెలితిరిగి, ఆ మొక్క వారం రోజులు నరకం చూసి చస్తుంది. నాలుగేళ్లపాటు మళ్లీ మళ్లీ నాలో దాన్నే నింపారు. అది మెల్లగా నా గోడల్లోకి ఇంకింది. ప్లాస్టిక్ కదా, ఏదీ అంటుకోదనుకుంటారు మీరు. అది మీ పొరపాటు.

నా పని అయిపోయాక పాత సామాన్ల కొట్టుకు తోలేశారు. కొట్టతను చేసిన మొదటి పని ఆ కపాలాన్ని గీకి పారేయడం. నన్ను కొనడానికి వచ్చిన సన్యాసమ్మ, "ఇందులో ఏటుండేది బాబూ?" అని అడిగింది. "సబ్బు నీళ్లమ్మా, ఏటీ బయం నేదు" అన్నాడు. కన్నార్పకుండా అన్నాడు మహానుభావుడు.

సన్యాసమ్మది సముద్రం ఒడ్డునున్న ఊరు. ఊరికీ రాళ్లగట్టుకూ మధ్య ఆమెకు అరెకరం నేల ఉంది. అందులో వంగ వేసేది. ఏళ్ల తరబడి యూరియా చల్లీ చల్లీ ఆ నేల గట్టిపడిపోయింది. గునపం దించాలంటే చేతులు బొబ్బలెక్కేవి. ఏటేటా బస్తాలు పెరిగాయి, కాయలు తగ్గాయి. మొగుడు గౌరినాయుడికి విసుగెత్తింది. పక్కన రొయ్యల చెరువులు తవ్వించేవాళ్లు ఈ నేలను కూడా ఇమ్మని ఎప్పటినుంచో వెంటపడుతున్నారు.

"ఈ పంట కూడా పోతే సెరువోళ్లకి ఇచ్చీడమే. అప్పుడు నువ్వేటీ అనకు" అని తేల్చేశాడు.

"ఈ ఒక్క పంటా నాకొగ్గీ. తరవాత నీ ఇష్టం" అంది సన్యాసమ్మ.

ఆమె ధైర్యమంతా చేపలమ్మే కొర్లమ్మ మాట మీద. కొర్లమ్మ అత్త బతికున్న రోజుల్లో సముద్రపు నాచు తెచ్చి కొబ్బరి మొదళ్లలో కప్పెట్టేదట. ఆ మాట పట్టుకుని సన్యాసమ్మ కిందటేడు మట్టికుండలో నాచు ఊరబెట్టి, ఆ నీళ్లు పెరట్లో నాలుగు వంగ మొక్కలకు పోసింది. కొమ్మలు విరిగేలా కాశాయి. చేనుకు కుండ చాలదని నన్ను తెచ్చింది. ఇన్నాళ్లకు ఒక మంచి పనికి పనికొస్తున్నానని, నిజం చెప్పొద్దూ, నేను పొంగిపోయాను.

పోటు తగ్గాక ఆడవాళ్లిద్దరూ మోకాలి లోతు నీళ్లలో నిలబడి రాళ్ల మీది నాచు పీకారు. ఊరంతా ఒకటే హెచ్చరిక: "ఉప్పు జాగర్తే సన్యాసమ్మా! ఉప్పు తగిల్తే సేను సచ్చిపోద్ది." ఆ మాట ఆమె బుర్రలో తిష్ఠ వేసుకుంది. బావి నుంచి బిందెల కొద్దీ మంచినీళ్లు మోసుకొచ్చి నాచును కడిగింది. రెండోసారి కడిగింది. మూడోసారి కూడా కడిగి, ఆ నీళ్లు నాలుక మీద వేసుకుని చూసింది. ఉప్పు తెలియలేదని రూఢి చేసుకున్నాకే ఊపిరి పీల్చుకుంది.

నన్ను మాత్రం ఒక్కసారే కడిగింది. నాలుగు చెంబుల నీళ్లు పోసి, అటూ ఇటూ దొర్లించి పారబోసింది. మోసిన నీళ్లన్నీ నాచుకే సరిపోయాయి మరి. నా లోపలి మందు వాసన ఆమెకు తగలాల్సిందే, కానీ పక్కనే నాచు కుప్ప కంపు కొడుతోంది. అమ్మా తల్లీ, నన్ను ఇంకా తోమవే అని అరవాలనిపించింది. అరవడానికి నాకు గొంతేదీ?

నలభై రోజులు నాచూ బెల్లమూ నీళ్లూ నాలో ఊరాయి. పొద్దునా సాయంత్రం కర్రతో కలిపేది. "నా నేల నీ సేతిలో ఉంది, ఏటి సేస్తావో" అని నాతో మాట్లాడేది. నాచు కరిగి నల్లటి కషాయమైంది. నా గోడల్లోది కూడా కొద్దికొద్దిగా అందులోకి దిగింది. ఆపడానికి నాకు చేతులా కాళ్లా?

కషాయం వడగట్టి, నీళ్లు కలిపి, చేనంతా పిచికారీ చేసింది. మూడో రోజుకు చిగుళ్లు ముడుచుకున్నాయి. వారానికల్లా కాడలన్నీ మెలితిరిగిపోయాయి. పూత ఒక్కటి మిగల్లేదు. సన్యాసమ్మ గట్టు మీద కూలబడింది. "ఓలమ్మో, మూడుసార్లు కడిగినానే! నాలిక మీదేసి సూసినానే!" అని గుండెలు బాదుకుంది.

ఊరు ఊరంతా వచ్చి చూసింది. "సెప్పినామా, ఉప్పని!" అన్నారు. ఎరువుల కొట్టాయన తీరిగ్గా వచ్చి, "సముద్రంలో సెత్త ఎవులైనా సేన్లో ఏసుకుంటారేటి?" అని నవ్విపోయాడు. ఉప్పు తగిలితే ఆకు అంచులు మాడతాయి గానీ మెలితిరగవు. చెరకు తోటల్లో కలుపు మొక్కలు అచ్చం ఇలాగే చావడం ఆ పెద్దమనుషులు వందసార్లు చూసి ఉంటారు. ఉప్పేనని ఇంటి దగ్గరే తేల్చుకుని వచ్చారు కాబట్టి ఒక్కరికీ గుర్తు రాలేదు. గౌరినాయుడు మాత్రం కండువా దులుపుకుని నేరుగా చెరువులవాళ్ల దగ్గరికి నడిచాడు. అదే ఆమెను ఎక్కువ కోసింది.

నెల తిరక్కుండా పొక్లెయినర్ వచ్చింది. అరెకరాన్నీ నిలువులోతు తవ్వి, గొట్టాలు వేసి, సముద్రపు నీళ్లు నింపారు. చిటికెడు ఉప్పు పడిందని బుగ్గలు నొక్కుకున్న ఊరే, సముద్రాన్ని తెచ్చి చేలో పోస్తుంటే నిలబడి వేడుక చూసింది. ఆ తర్వాత ఆ ఊళ్లో నాచు ముట్టుకున్నవాళ్లు లేరు. ఇప్పటికీ అది ఒడ్డుకు కొట్టుకొచ్చి, అక్కడే కుళ్లిపోతుంది.

సన్యాసమ్మ నన్ను చూడలేకపోయింది. కొర్లమ్మను పిలిచి, "దీన్ని నా కళ్ల ముందు నుంచి తీసుకుపో అప్పా. నీళ్లకైనా పనికొస్తాది" అంది. కొర్లమ్మ కళ్లు తుడుచుకుంది. "మా అత్త మాట సెప్పి నేనే నిన్ను ముంచీసినాను" అంది. పాపం, తప్పంతా తన నెత్తిన వేసుకుంది. ఇద్దరి మధ్యా నేను నిలబడే ఉన్నాను. ఒక్కరూ నా వైపు చూడలేదు.

కొర్లమ్మ ఉండే పల్లెకు నాలుగు రోజులకోసారి ట్యాంకరు వస్తుంది. తాగడానికైనా వండుకోవడానికైనా అవే నీళ్లు. ఆమె నన్ను చింతపండుతో, ఇసుకతో కష్టపడి తోమింది. నాచు కంపు పోయేదాకా తోమింది. కంపు పోయింది కాబట్టి శుభ్రమైపోయాననుకుంది. నా గోడల్లో ఇంకా ఎంత మిగిలి ఉందో నాకే తెలియదు.

ఇవాళ పొద్దున ట్యాంకరు వచ్చింది. నన్ను అంచులదాకా నింపి గుమ్మం పక్కన నిలబెట్టారు. నా మూత మీద స్టీలు చెంబు ఒకటి బోర్లించారు. ఇప్పటికి ఏడుసార్లు ముంచారు, ఒక్కొక్కటీ లెక్కపెడుతున్నాను. అంతకు మించి నేను చేయగలిగింది లేదు.

"నీళ్లు తియ్యగున్నాయత్తా ఈపాలి" అంటూ కొర్లమ్మ కోడలు ఇంకో చెంబు ముంచుకుంది.