చూడామణి సాధించిన లంబరేఖ

రాత్రి కురిసిన వానచేఁ గడుగఁబడిన బందరు పురసౌధశ్రేణి శరత్ప్రభాత బాలార్కకిరణములఁ దడిసి మెఱయుచుండ లవణసముద్రానిలములు గవాక్షములఁ జొచ్చి వీచుచుండ నచ్చటి బాలికాపాఠశాలలోఁ గన్యకలెల్ల నల్లబల్లవంకఁ జూచుచుండిరి. ఆఁడుపిల్లలకు బీజగణిత మేల యని పాఠశాలాధికారులు కొందఱు వాదించుటచే నాఁటి పరీక్షలో గెలుపొందనిచో నా తరగతి మూయింపఁబడునట్లు నిర్ణయమై యుండెను. బహువత్సరములు పోరాడి దానిని నెలకొల్పిన యుపాధ్యాయిని పేరిందేవి గోడ కానుకొని నిలిచి యుండెను.

పరీక్షాధికారి సోమయాజులు బల్లపై 2x + 3y = 12 అని వ్రాసి, కలంకారీ యద్దకపువారి యింటఁ బుట్టిన చూడామణిని బిలిచి, “అమ్మాయీ, ఈ రేఖకు లంబముగా (4, 5) బిందువు మీఁదుగాఁ బోవు రేఖకు సమీకరణ మేమి?” యని యడిగెను.

చూడామణి గుణకములఁ దారుమాఱు చేసి 3x + 2y అని వ్రాసెను. గుర్తు మార్చుట మఱచినది! పేరిందేవి యది కనిపెట్టెను. ఒక్క దగ్గు చాలును, పిల్ల గ్రహించును, తరగతి నిలుచును. ఐనను నామె పెదవి కదపక కరతలములను వీఁపువెనుక బిగించి పట్టుకొనెను.

బాలిక యచ్చట నాగి రెండు రేఖల వాలులను వేఱుగా వ్రాసి గుణించెను. ఒకటి వచ్చెను. “లంబరేఖలకు ఋణ మొకటి (−1) రావలయుఁ గదా!” యని తనలోఁ దా ననుకొని, సిగ్గుపడక చెఱిపి, 3x − 2y అని దిద్ది, x కు నాలుగు y కి నైదు నుంచి, పండ్రెండులోఁ బది తీసివేసి, 3x − 2y = 2 అని ముగించెను.

“తప్పని నీ కెవ్వరు సైగ చేసిరి?” యని సోమయాజులు ప్రశ్నించెను.

“ఎవ్వరును జేయలేదండీ. మన మే గీత గీసినను సరిచూచుకొనక నమ్మరాదని మా పంతులమ్మగారు చెప్పుదురు. గుణించి చూచితిని, తేలిపోయినది.”

సోమయాజులు పేరిందేవివంకఁ దిరిగి, “అమ్మా, తప్పు మీరును జూచితిరి గదా. ఊరకుంటి రేల?” యనెను.

“అది దిద్దుకొనఁగల దండీ.”

ఆయన చిఱునవ్వు నవ్వి, “ఇట్టి తరగతిని మూయు మని నేను జెప్పఁజాలను” అనెను.

పేరిందేవి కన్నులు చెమర్చెను గాని శిరస్సు వంగలేదు. తన నోట నొక్క సూచనయైన వెడలకయే తన విద్య యా సభలో నిలిచి పలికినది. ఇంతలో వెనుకవరుస నొక బాలిక లేచి, “నాకు నొక లెక్క యియ్యండీ” యనెను; వెంటనే మఱియొకతె లేచెను. చూడామణి తన చేతి సుద్దముక్కను రెండుగా విఱిచి వారి కందిచ్చెను.